నాన్న తాగిన బీడీ వెంట

ఒంగోలు తిరిగొచ్చి నాలుగు రోజులైంది. బట్టలన్నీ ఉతికి ఆరేసినా బ్యాగులోంచి పొగాకు వాసన ఇంకా పోలేదు. అది పోయేలోపే రాసుకోవాలని కూర్చున్నాను.

నాన్న పోయి ఏడాదైంది. సంవత్సరీకం కర్నూలులో మా పాత ఇంట్లోనే జరిగింది. చుట్టాలు వెళ్లిపోయాక నాన్న బీరువా సర్దుతుంటే ఒక చొక్కా జేబులో బీడీ కట్ట దొరికింది. కట్టకి ఇరవై అయిదు ఉండాలి, పదహారు ఉన్నాయి. తొమ్మిది తాగి ఆసుపత్రికి వెళ్లాడు, మళ్లీ ఇంటికి రాలేదు. ఊపిరితిత్తులు పూర్తిగా పాడైపోయాయి అన్నారు. చివరి రెండేళ్లు మంచం మీదినుంచి బాత్రూమ్ దాకా నడవాలన్నా మధ్యలో గోడ పట్టుకుని నిలబడేవాడు.

నేను ఒంగోలులో టీచర్ని. పెళ్లై అక్కడికి వెళ్లాక పొగాకు అంటే ఇంకో రకంగా చూశాను. అక్కడ పొగాకు అంటే వర్జీనియా రకం, ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్, వేలంకేంద్రం, గ్రేడు, బేలు, ఎగుమతి. 1976 నుంచీ గుంటూరులో పొగాకు బోర్డు ఉంది. ఎవరు వేయాలి, ఎంత పండించాలి అన్నది కూడా బోర్డే చెబుతుంది. మా ఇంటి ఓనరు ముప్పై ఏళ్లు వర్జీనియా వేశాడు, పిల్లల చదువులు, కూతురి పెళ్లి అన్నీ దాని మీదే. కానీ ఆ ఆకు బేలు కట్టి లారీ ఎక్కుతుంది. ఊళ్లో ఎవరూ దాన్ని చుట్టుకుని తాగరు. కర్నూలు అలా కాదు. మా నాన్న ఒక బీడీ కంపెనీలో గుమాస్తా. మా వైపు పొగాకు ఊరు దాటకముందే సగం ఊళ్లోనే కాలిపోతుంది. ఈ తేడా ఎక్కడ మొదలవుతుందో చూడాలనిపించింది. తమ్ముడు బెంగళూరు నుంచి కారులో వచ్చాడు. అయిదు రోజులు సెలవు పెట్టు అన్నాను. సరే అన్నాడు.

ఫిబ్రవరి 6, కర్నూలు

పొద్దున్నే కొండారెడ్డి బురుజు దగ్గర ఉగ్గాని, బజ్జీ. ప్లేటు నలభై రూపాయలు. ఒంగోలులో ఎంత వెతికినా ఇలాంటి ఉగ్గాని దొరకదు. బొరుగులు నీళ్లలో సరిగ్గా నాని, పుట్నాల పొడి బాగా పట్టి, పక్కన మిరపకాయ బజ్జీ. తమ్ముడు రెండు ప్లేట్లు తిన్నాడు.

అక్కడినుంచి నాన్న రోజూ వెళ్లే బంకు కొట్టుకి వెళ్లాం. కొట్టాయన నన్ను గుర్తుపట్టాడు. "కూర్చో పాపా" అని స్టూలు వేశాడు. నాకు నలభై నాలుగేళ్లు, ఆయనకి ఇంకా పాపనే. మా చిన్నప్పుడు ఈ కొట్టు గుంజకి కొబ్బరి తాడు వేలాడేది, దాని కొస ఎప్పుడూ రాజుకుంటూ ఉండేది, వచ్చినవాళ్లు వంగి బీడీ ముట్టించుకునేవాళ్లు. ఇప్పుడు దాని బదులు లైటరు దారానికి కట్టి వేలాడదీశాడు.

గంటసేపు కూర్చుని ఎవరు ఏం కొంటున్నారో చూశాను. మార్కెట్ యార్డు హమాలీలు, బేల్దారి మేస్త్రీలు, పాత ఆటో డ్రైవర్లు బీడీ కట్ట అడిగారు. కాలేజీ పిల్లలు సిగరెట్ ఒకటొకటిగా కొన్నారు. ఒకడు కొంటే ముగ్గురు తాగారు. కట్ట ఇరవై అయిదు రూపాయలు, అంటే బీడీ ఒక రూపాయి. సిగరెట్ ఒకటి పదిహేను, పద్దెనిమిది. రోజుకి ఆరువందలు కూలి దొరికే మనిషి ఏది తాగుతాడో వేరే చెప్పక్కర్లేదు. 2016-17లో జరిగిన జాతీయ సర్వేలో దేశంలో పెద్దవాళ్లలో బీడీ తాగేవాళ్లు 7.7 శాతం, సిగరెట్ తాగేవాళ్లు 4 శాతం అని తేలింది. సిగరెట్ గురించి అన్ని ప్రచారాలు చూస్తాం, బీడీ గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. బీడీకి ఫిల్టరు లేదు. ఆకు గాలి చొరనివ్వదు కాబట్టి ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మళ్లీ మళ్లీ పీల్చాలి. నాన్న బుగ్గలు లోపలికి పోయేలా దమ్ము లాగడం నాకు కళ్లముందే ఉంది.

"మీ నాయన నా దగ్గర కొనడం మొదలుపెట్టింది కంపెనీ మూసినాకే" అన్నాడు కొట్టాయన. "అంతకుముందు ఆయనకి కొనే పనే లేదు కదమ్మా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. అదేంటో సరిగ్గా అర్థం కావడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది.

మధ్యాహ్నం పాతబస్తీలో బీడీలు చుట్టే ఒక ఇంటికి వెళ్లాం. నాన్న పేరు చెప్పగానే లోపలికి పిలిచింది ఆ ఇంటి అక్క. గడపకి లోపల వెలుతురు పడేచోట కూర్చుంది, ఒళ్లో చేట, చేటలో ఒకవైపు కత్తిరించిన ఆకులు, ఇంకోవైపు తంబాకు. రాత్రే తునికాకు నీళ్లలో తడిపి గోనెగుడ్డలో చుట్టి పెడతారట, తెల్లారేసరికి మెత్తబడుతుంది. రేకు ముక్క ఆకు మీద పెట్టి కత్తెరతో దాని చుట్టూ కోస్తుంది. ఆకు ఎడమచేతిలో పరిచి, కుడిచేత్తో చిటికెడు తంబాకు పొడవునా పోసి, బొటనవేళ్లతో ఒక్కసారి దొర్లిస్తుంది. కొస సన్నగా, నోరు కొంచెం వెడల్పుగా వస్తుంది. నోటి అంచుని గోరుతో లోపలికి మడిచి, దారం రెండు చుట్లు తిప్పి తెంపుతుంది. చూస్తుండగానే ఇంకొకటి. ఆమె నాతో మాట్లాడుతూనే ఉంది, కళ్లు నా మీదే ఉన్నాయి, చేతులు మాత్రం ఆగలేదు. కుడి బొటనవేలి గోరు పక్కన చర్మం గోధుమరంగు తిరిగి గట్టిగా ఉంది. ఆ చేత్తోనే మాకు టీ ఇచ్చింది. గ్లాసు అంచుకి కూడా అదే వాసన.

రోజుకి ఏడు వందలు చుడుతుంది. వెయ్యి చుడితే రెండు వందల పైచిల్లర. పని ఇచ్చేవాళ్లు ఆకు తక్కువ ఇచ్చి లెక్క సరిగ్గా రావాలంటారు, చాలకపోతే బయట కొని కలపాలి.

"మీరు తాగుతారా అక్కా?"

"ఛీ, మా ఇండ్లల్లో ఆడోళ్లం తాగం. కానీ లోపలికి పోతానే ఉంటాది. రాత్రి దగ్గితే ఇదే వాసన."

భర్త హమాలీ. ఆయన ఎప్పుడైనా బీడీ కొన్నాడా అని అడిగాను. ఆమె ఆలోచించి లేదంది. "పొద్దున పోతా పోతా చేటలో చెయ్యి పెడతాడు. పది తీసుకుంటాడు. పెండ్లయినప్పుడు తాగేటోడు కాదు. ఇంట్లో ఉండాది, చేతికందింది." ఆ పది బీడీలూ ఆమె కూలిలోంచే పోతాయి. చాలని ఆకు కొనేదీ ఆమే, చుట్టేదీ ఆమే.

ఒక సంగతి మాత్రం ఆమె గర్వంగా చెప్పింది. కూతురు డిగ్రీ చదువుతోంది. బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉంటే పిల్లల చదువుకి కేంద్ర ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇస్తుంది, చిన్న తరగతులకి ఏడాదికి వెయ్యి రూపాయల నుంచి వృత్తి విద్యా కోర్సులకి ఇరవై అయిదు వేల దాకా. ఇలాంటి వాటికోసమే 1976లో చట్టం చేసి బీడీల మీద సెస్సు వేసేవారు. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ సెస్సు పోయింది. ఆమెకి ఈ లెక్కలు అక్కర్లేదు. "నా కూతురికి రేకు పట్టుకోవడం నేర్పలేదు" అంది, అంతే.

వచ్చేటప్పుడు చెప్పింది, "మీ నాన్న గురించి తెలుసుకోవాలంటే ఖాలాని కలవండి. ఆమె మీ నాన్నకే కట్టలు అప్పజెప్పేది. ఇప్పుడు కడపలో కూతురి దగ్గరుంది." ఖాలా అంటే పిన్ని. అడ్రసు ఒక బీడీ లేబుల్ వెనక రాసిచ్చింది.

ఫిబ్రవరి 7, నంద్యాల దారి

ఓర్వకల్లు బండల దగ్గర తమ్ముడు కారు ఆపాడు. ఫొటోలు తీసుకుంటానని వెళ్లి పది నిమిషాలకి వచ్చాడు. చూయింగ్ గమ్ నములుతున్నాడు. నేనేమీ అనలేదు.

పాణ్యం దాటకముందే గడివేముల వైపు తిరిగాం. నల్లరేగడి నేలలు. శనగ కోతలు అయిపోతున్నాయి, అక్కడక్కడా పొగాకు. ఇది మా ఒంగోలు వర్జీనియా కాదు, నాటు పొగాకు. బ్యారన్ లేదు, పొయ్యి లేదు, ఎండే ఆరబెడుతుంది. నీళ్లు కూడా పెట్టరు. వానాకాలం నేల పీల్చుకున్న తేమతోనే పంట వస్తుంది. దీనికి బోర్డు లేదు, వేలం లేదు. వ్యాపారి వచ్చి చూసి చెప్పిందే ధర.

పొలం గట్టున ఉన్న పెద్దాయన మమ్మల్ని చూసి తువ్వాలు దులిపి దగ్గరికొచ్చాడు. ఎవరు, ఏ ఊరు, ఎవరి తాలూకు, అన్నీ అడిగాకే మాటలు మొదలయ్యాయి. కోసిన చెట్లు వరసగా నేలమీద పరిచి ఉన్నాయి. నేను వంగి ఆకు పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడు ముట్టుకుంటే పొడైపోతాది తల్లీ. తెల్లారి మంచుకు మెత్తబడినాక రా, చూపిస్తా."

అప్పుడు పదకొండు గంటలు. భోజనానికి ఇంటికి పిలిచారు. జొన్నరొట్టె, ఊరుబిండి, గోంగూర, పచ్చి ఉల్లిపాయ. పెద్దమ్మ రొట్టె చేత్తోనే తట్టి పెనం మీద వేసింది, తడిబట్టతో ఒకసారి తుడిచి తిప్పింది. వద్దంటున్నా మూడో రొట్టె వేసింది. డబ్బులిస్తే తప్పుగా అనుకుంటారని తమ్ముడు ఊళ్లోకి వెళ్లి అరటిపండ్లు తెచ్చిచ్చాడు.

తిన్నాక పెద్దాయన నడుముకి చుట్టుకున్న సంచి విప్పి ఆకు తీశాడు. తొడ మీద పెట్టి నాలుగు దొర్లింపుల్లో చుట్ట చేశాడు. కోతలో మందంగా, జిగురుగా ఉన్న ఆకులు ముందే ఏరి పెట్టుకుంటాడట. బెల్లం నీళ్లు చల్లి, మండె వేసి, అంటే కుప్పగా పేర్చి మగ్గబెట్టి, రెండు నెలలు అలాగే ఉంచుతాడు. "మంచి ఆకు వ్యాపారికి ఎందుకిస్తాం? ముందు ఇంటికి, మిగిలింది అమ్మకానికి." ధాన్యానికైనా, శనగకైనా మా వైపు రైతు మాట ఇదే. పొగాకుకీ అదే.

పెద్దమ్మ చుట్ట తాగదు. వక్కాకులో వేసుకుంటుంది. కొంగు మూటలో వక్క, ఆకు, సున్నపు డబ్బీ, పక్కనే పొగాకు కాడ. ఎప్పటినుంచీ అని అడిగాను. పదమూడేళ్లప్పటినుంచీ అంది. ఎలా అలవాటైందో మర్నాడు పొలంలో తెలిసింది.

నల్ల బర్లీ అనే ఇంకో రకం పొగాకు సంగతి అడిగితే పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. కంపెనీల వాళ్లు ముందు వచ్చి వేయమన్నారు, ఒక ఏడాది రేటు కూడా బాగా వచ్చింది. దాన్ని చూసి అందరూ వేశారు. 2025లో ఆ కంపెనీలే వెనక్కి తగ్గాయి. ఆకు ఇళ్లల్లో ఉండిపోయింది. చివరికి ప్రభుత్వం మార్క్‌ఫెడ్ అనే సహకార సంస్థ ద్వారా కొనాల్సి వచ్చింది. "పెట్టిన కౌలు కూడా రాలే. నాటు పొగాకైతే అమ్ముడుపోకపోయినా ఇంట్లో పడుంటాది, మనమే తాగుతాం. బర్లీ ఏం చేసుకుంటాం?" అన్నాడు. ఆయన తన ఓదార్పు కోసం అన్న మాట అది. నాకు మాత్రం భయమేసింది. అమ్ముడుపోని సరుకంతా ఎవరి ఊపిరిలోకి పోతోందో ఆ ఒక్క మాటలో ఉంది.

ఫిబ్రవరి 8, మళ్లీ పొలం, నంద్యాల

నాలుగున్నరకే నంద్యాల లాడ్జి నుంచి బయల్దేరాం. చలి బాగానే ఉంది. పొలంలో అప్పటికే పదిమంది ఆడవాళ్లు, ముక్కు మూతి కొంగుతో కట్టుకుని, సెల్‌ఫోన్ లైట్లు పెట్టుకుని చెట్లు తిరగేస్తున్నారు. నిన్న పొడైపోతుందన్న ఆకు ఇప్పుడు తోలులాగా మెత్తగా ఉంది. ఎండెక్కేలోపు తిరగేసి, కుప్ప వేయాల్సింది కుప్ప వేసేయాలి. నేనూ ఒక వరస పట్టాను. పావుగంటకే వేళ్లకి నల్లటి బంక పట్టింది. సబ్బుతో రుద్దినా పోలేదు, పచ్చి చింతకాయతో రుద్దుకోమన్నారు.

ఒకమ్మాయి, పద్దెనిమిది పంతొమ్మిదేళ్లుంటాయి, గట్టు మీద తల పట్టుకుని కూర్చుంది. మూడురోజుల కింద పక్క పొలంలో తడి మీద పచ్చి ఆకు కోసిందట. ఆ రాత్రంతా వాంతులు, కళ్లు తిరగడం, ఇంకా నీరసం తగ్గలేదు. ఇది కొత్తేమీ కాదు. తడిసిన పచ్చి పొగాకు నుంచి నికోటిన్ చర్మం ద్వారా ఒంట్లోకి పోతుంది. పొగాకు పండే దేశాలన్నింట్లో డాక్టర్లకి తెలిసిన జబ్బే. చేతికి తొడుగులు, పొడి బట్టలు, మంచు ఆరాక కోత, ఇవి చాలు చాలావరకు తప్పించడానికి. ఆ పొలంలో ఒక్కరి చేతికీ తొడుగు లేదు.

ఒక పెద్దావిడ ఆ అమ్మాయి దగ్గరికెళ్లి వీపు నిమిరి, తన కొంగు మూటలోంచి చిన్న కాడ తీసి ఇచ్చింది. "బుగ్గన పెట్టుకో పాపా. రెండు దినాలు తిప్పుతాది, ఆపైన పొలంలో ఏమీ కాదు. మేమంతా ఇట్లే అలవాటు చేసుకున్నాం."

ఆమె ప్రేమతోనే చెప్పింది. అందులో నిజం కూడా ఉంది. ఒంటికి నికోటిన్ ముందే అలవాటైన వాళ్లకి ఆ వాంతులు, కళ్లు తిరగడం తక్కువగా వస్తాయి. పని పెట్టే రోగానికి అలవాటే మందు. పదమూడేళ్లకి పెద్దమ్మ బుగ్గన కాడ ఎందుకు చేరిందో అప్పుడు అర్థమైంది. ఏ సినిమా చూసో, ఏ ఫ్రెండు చెప్పో కాదు. కూలికి మర్నాడు కూడా రావాలి కాబట్టి.

ఆ అమ్మాయి కాడ చేతిలోనే పట్టుకుంది. నేను పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను, ఇది అలవాటైతే నోటికి ఏమవుతుందో, తొడుగులు వేసుకుంటే ఎలా తప్పించుకోవచ్చో. తల ఊపింది. నా మాట విందో లేదో తెలియదు. తమ్ముడు ఎనిమిదింటికి నంద్యాల వెళ్లి కొట్టు తెరిపించి రబ్బరు తొడుగులు పన్నెండు జతలు తెచ్చాడు, తొమ్మిది వందల అరవై రూపాయలు. పంచితే కొందరు నవ్వారు, వాటితో ఆకు పట్టు దొరకదన్నారు. నలుగురు వేసుకున్నారు. ఆ అమ్మాయి కూడా.

నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. బీడీ పొగాకు మీద కూడా అక్కడ పని జరుగుతుంది, రైతులకి కొత్త రకాలు ఇస్తారు. విత్తనం మీద పెట్టినంత శ్రద్ధలో పదో వంతు కోత కోసే చేతుల మీద కూడా పెడితే ఎంత బాగుండేది.

సాయంత్రం మహానంది. కోనేటి నీళ్లు అడుగున రూపాయి బిళ్ల కనిపించేంత తేటగా ఉన్నాయి. చేతులు ముంచి చాలాసేపు కూర్చున్నాను. బంక రంగు పోలేదు. బయటికి వచ్చేసరికి తమ్ముడు కారు వెనక నిలబడి సిగరెట్ తాగుతున్నాడు. నన్ను చూసి పడేయబోయి ఆగాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"ఉద్యోగం వచ్చినప్పటినుంచి అక్కా. టీ బ్రేక్‌లో అందరూ కిందికి దిగుతారు. టీమ్‌లో మాటలన్నీ అక్కడే అయ్యేవి. దిగకపోతే ఒక్కణ్నే మిగిలిపోయేవాణ్ని."

నేను తిట్టలేకపోయాను. నాన్నకి కంపెనీ, పెద్దమ్మకి పొలం, వీడికి ఆఫీసు. ఆ రాత్రి సంగటి, నాటుకోడి పులుసు ముందుపెట్టుకుని ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఫిబ్రవరి 9, దారి తప్పి ప్రొద్దుటూరు

ఆళ్లగడ్డ, చాగలమర్రి, దువ్వూరు. కర్నూలు-కడప (కేసీ) కాలువ నీళ్లు పారే నేలలు. దువ్వూరు దగ్గర పసుపు తవ్వుతున్నారు. మైదుకూరు కూడలిలో కడపకి నేరుగా పోవాల్సింది ప్రొద్దుటూరు రోడ్డెక్కాం, నేను మాటల్లో పడి బోర్డు చూడలేదు. సగం దూరం పోయాక తెలిసింది. సరే, వచ్చాం కదా అని ఊళ్లోకే వెళ్లాం.

బంగారు అంగళ్ల వీధి దాటి మగ్గాల చప్పుడు వినిపిస్తే అటు నడిచాం. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని ఒకాయన పట్టుచీర నేస్తున్నాడు. ఇంట్లో ఎక్కడా పొగ వాసన లేదు. అడిగితే మగ్గం ఆపకుండానే చెప్పాడు, "నిప్పురవ్వ పడితే పడుగంతా పోతాది కదమ్మా. మా నాయన కాలం నుంచీ మగ్గం దగ్గర బీడీ ముట్టిచ్చేదే లేదు. కావాలంటే వీధి చివరికి పోవల్ల. పనిలో ఎవరు లేస్తారు?" అందుకే ఆ ఇంట్లో మగవాళ్లు తాగరు. ఒకాయన మాత్రం వక్కాకులో వేసుకుంటాడు, చేతులు ఖాళీ లేకపోయినా నోరు ఖాళీయే కదా అన్నాడు.

దారి తప్పకపోతే ఇది చూసేదాన్నే కాదు. ఒక ఇంట్లో చేటలో బీడీ ఉంది కాబట్టి అలవాటైంది, ఇంకో ఇంట్లో మగ్గం మీద పట్టు ఉంది కాబట్టి అలవాటు కాలేదు. మనిషి గుణం, మనసు గట్టిదనం అని మనం ఎన్నో మాటలంటాం. నాన్నని కూడా అన్నాను. "మానాలనుకుంటే మానలేవా" అని ఆయన ముఖం మీదే అన్నాను, రెండుసార్లు.

ఫిబ్రవరి 10, కడప

పొద్దున కారం దోసె. ఎర్రకారం నెయ్యిలో కరిగి అంచుదాకా పట్టింది. పక్కన బొంబాయి చట్నీ. దోసె అరవై రూపాయలు. పెద్ద దర్గాకి వెళ్లి కాసేపు కూర్చుని, లేబుల్ వెనక అడ్రసు పట్టుకుని బయల్దేరాం. వీధి దొరకడానికి గంట పట్టింది. అడిగిన ప్రతివాళ్లూ చెప్పడం కాదు, నాలుగడుగులు మాతో నడిచి చూపించారు.

ఖాలాకి డెబ్బై దాటాయి. మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నాన్న పేరు చెప్పాను. నా ముఖం చేతుల్లోకి తీసుకుని చూసింది. "గుమస్తా బిడ్డవా బేటీ. ఆయన పోయినాడా" అంది. కళ్లు తుడుచుకుంది.

ఆమె చెప్పింది నేను ఎక్కడా మార్చకుండా రాస్తున్నాను. సాయంత్రం అయిదింటికి ఆడవాళ్లంతా కట్టలు తెచ్చి కంపెనీ అరుగు ముందు వరసలో కూర్చునేవాళ్లు. నాన్న ఒక్కో కట్ట చేతిలోకి తీసుకుని తిప్పి చూసేవాడు. వదులుగా చుట్టింది, ఆకు చిరిగింది, కొస సరిగ్గా మడవనిది తీసి పక్కన రేకు డబ్బాలో వేసేవాడు. తీసేసిన వాటికి కూలి లేదు. వెనక్కి కూడా ఇవ్వరు. పైనుంచి అన్ని తీయాలని లెక్క ఉండేది, బాగా చుట్టినా ఆ లెక్క నిండాలి. బీడీ కార్మికులకి 1966లోనే చట్టం వచ్చింది. చట్టం ఆ అరుగు దాకా రాలేదు.

"మీ నాన్న మంచోడే. పక్క సెంటరు గుమస్తా వందలు తీసేటోడు. మీ నాన్న తక్కువే తీసేటోడు. కానీ తీసినవి ఇచ్చేటోడు కాదు. ఆ డబ్బా ఆయన కుర్చీ కింద ఉండేది. అందులోవే తాగేటోడు. పొద్దుగూకులా."

కొట్టాయన మాట అప్పుడు పూర్తిగా అర్థమైంది. నాన్నకి కొనే పనే లేదు. ఇరవై రెండేళ్లు ఆ డబ్బాలోవే తాగాడు, ఈమె, ఈమెలాంటి వాళ్లు కూలి లేకుండా చుట్టినవి. కంపెనీ మూతపడ్డాక డబ్బా పోయింది, అలవాటు పోలేదు. అప్పుడు బంకు కొట్టుకి వెళ్లాడు, రోజుకి రెండు కట్టలు. నా ఫీజులు అదే కంపెనీ జీతంతో కట్టాడు. ఆ జీతం కోసమే రోజూ కొన్ని బీడీలు తీసేశాడు. నేను చదువుకున్న చదువులో ఆ డబ్బా వాటా ఎంతో నాకు లెక్క తెలియదు.

"క్షమించు ఖాలా" అన్నాను. ఇంకేం అనాలో తెలియలేదు.

"ఆయనకీ పిల్లలుండిరి కదా" అంది. కూతురిని పిలిచి మాకు షర్బత్ తెప్పించింది.

బయల్దేరేముందు బ్యాగులోంచి నాన్న కట్ట తీసి ఆమె చేతిలో పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. కట్ట మీద రోగం బొమ్మ, కింద పొగాకు మానడానికి ఫోన్ చేయమని 1800-11-2356 నంబరు. 2018 నుంచి అన్ని కట్టల మీదా ఉండాలి. నాన్న ఆ నంబరుకి ఎప్పుడూ చేయలేదు. తమ్ముడు వంగి ఆ నంబరు తన ఫోన్‌లో ఎక్కించుకోవడం చూశాను, చూడనట్టు ఉన్నాను.

ఖాలా కట్టని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. ఒక బీడీ బయటికి లాగి వేళ్ల మధ్య మెల్లగా దొర్లించింది. చేతులు వణుకుతున్నాయి, బీడీ పట్టుకున్న రెండు వేళ్లు మాత్రం వణకలేదు. నోటి అంచు చూసింది, దారం చూసింది, చివరికి బొటనవేలితో నడుమున నొక్కింది.

"తంబాకు తక్కువ పెట్టినారు. కొస సరిగ్గా మడవలే" అంది. బీడీ మళ్లీ కట్టలోకి దోపి నా చేతికిచ్చింది. "మీ నాన్న అయితే దీన్ని తీసేసేటోడు."